నాయన నాలుక, నా కాలేయం

ఈ సంగతి ఇంతవరకు నేను ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా రాయలేదు. ఆపరేషన్‌కు ముందు ఒక డాక్టరమ్మ నన్ను ఒంటరిగా గదిలోకి పిలిచి, తలుపు వేసి, నా కోసం అబద్ధం చెప్పడానికి సిద్ధపడింది.

అది హైదరాబాదులో ఒక ఆసుపత్రి. మా నాయన కాలేయం పాడైపోయింది. దాన్ని తీసేసి, నా కాలేయంలో కుడివైపు భాగాన్ని కోసి ఆయనకు అమర్చాలని నిర్ణయమైంది. ఆ డాక్టరమ్మ మత్తు ఇచ్చే విభాగంలో పనిచేసేది. వయసులో నాకంటే ఎంతో పెద్దది కాదు.

"నీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పమ్మా," అంది. "పరీక్షల్లో నీ కాలేయం సరిపోలేదని మీవాళ్ళకు మేమే చెప్తాం. నువ్వు వద్దన్నావని ఎవరికీ తెలియదు. కారణం కూడా అడగం."

కాలేయం ఇచ్చేవాళ్ళందరికీ ఈ మాట చెప్పడం అక్కడి పద్ధతి అని తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం నా ఒక్కదాని కోసమే ఆమె దాన్ని కనిపెట్టిందనుకున్నాను. అప్పటికి డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. అంతవరకు తలుపు వేసి, ఎదురుగా కూర్చుని, నీకేం కావాలని నన్ను అడిగినవాళ్ళు లేరు. నేలవైపు చూస్తూ ఇస్తానన్నాను.

"ఎందుకు ఇవ్వాలనుకుంటున్నావు?"

"నాయన కదా."

ఆమె రాసుకుంది. నేను చెప్పింది నిజం కాదు. నాయన బతకాలని నాకు లేకపోలేదు. కానీ నేను ఒప్పుకున్నది అందుకు కాదు. నా ఒంట్లోని ముక్క ఒకటి ఆయన ఒంట్లో ఉంటే, ఆ తర్వాతైనా నన్నొకసారి తేరిపార చూస్తాడని.

మాది కదిరి. నాయనది వేరుశనగ మండీ. ముందు మండీ, వెనక ఇల్లు, మధ్యలో ఒక తలుపు. ఆడపిల్లలు ఆ తలుపు దాటకూడదు. అన్న నడక వచ్చినప్పటి నుంచి మండీలో తిరిగాడు. నేను తలుపు ఇవతల గడప మీద పుస్తకం పట్టుకుని కూర్చుని, అక్షరాల మీదుగా మండీని చూస్తూ పెరిగాను. నాయన ఎప్పుడైనా ఇటు తిరిగితే, ఆయన చూపు నన్ను దాటుకుని వెళ్ళి నా వెనక గోడ మీది గడియారం దగ్గర ఆగేది.

ఆయన పేరంతా నాలుకలో ఉండేది. రైతు సంచులు దించగానే ఇనుప గొట్టం పొడిచి గుప్పెడు కాయలు బయటికి తీసేవాడు. వలిచి, ఒక గింజను ముందుపళ్ళతో కొరికి, కళ్ళు మూసుకుని నమిలేవాడు. తేమ ఎంత, నూనె ఎంత, ఏ నేలలో పండింది, అన్నీ చెప్పేవాడు.

"ఏమన్నా, బోరు కింద పంటని చెప్తాండావు," అన్నాడొకసారి ఒక రైతుతో. "ఇది మెట్టచేను కదప్పా. అదీ ఊడలు నేలలోకి దిగినంక వాన మొగమే చూడల్యా."

"నీ నాలుకకు కండ్లు గానీ ఉండాయా ఏంది శెట్టీ?"

"కండ్లు ల్యా. అందుకే మొగం చూసి ధర కట్టదు."

మండీ అంతా నవ్వింది. రైతు కూడా నవ్వాడు. నవ్వుతూనే తక్కువ ధరకు ఇచ్చి వెళ్ళిపోయాడు.

ఆ ఏళ్ళలో వానలు విత్తనం వేసే వేళకు ఆశపెట్టి, కాయ ఊరే వేళకు మాయమయ్యేవి. నేల బిగుసుకుపోతే లోపల కాయ పగులుతుంది. పగులులోకి బూజు చేరుతుంది. పైకి ఏమీ కనపడదు. కొరికితే మాత్రం నాలుక వెనక, గొంతు దగ్గర, చేదు తగులుతుంది. అలాంటి గింజ వచ్చినా నాయన ముఖం మారేది కాదు. నమిలి మింగేసేవాడు. అన్న చిన్నప్పుడు ఒకసారి చేదు గింజను రైతు ఎదుటే తూ అని ఉమ్మాడు. నాయన చెంప మీద కొట్టాడు.

"రైతు ముందర వాని పంట ఉమ్ముతావా? ధర తగ్గియ్యి. కొనొద్దు. వెనక్కి పంపియ్యి. ఉమ్మొద్దు. వాడు ఎండలో పడి పండించింది మనం నోట్లోంచి ఊసి పారేస్తే వాడు యాడ నిలబడాల?"

ధర దగ్గర నాయన రైతును కోయడానికి వెనకాడేవాడు కాదు. పంటను మాత్రం ఏనాడూ ఉమ్మలేదు. ఆ మర్యాద కోసమే రైతులు మళ్ళీ మళ్ళీ మా మండీకి వచ్చేవారు. చేదు గింజలన్నీ ఆయన కడుపులోకే పోయాయి.

మొదట కాళ్ళు వాచాయి. తర్వాత పొట్ట పెరిగి, చేతులు పుల్లల్లా అయ్యాయి. కళ్ళు పచ్చబడ్డాయి. కాలేయం చెడిందని అనంతపురం డాక్టరు చెప్పగానే బజారులో మాట పుట్టింది. దాన్ని మోసుకొచ్చి మాకు చెప్పింది మా హమాలీలే.

"శెట్టి చాటుగా తాగుతాండాడంట."

"మనకు తెలీకుండా యాడ తాగినాడప్పా?"

"గోడౌన్లో. గోతాల సందున."

జీవితంలో చుక్క ముట్టని మనిషి. ఆ మాట ఆయన్ని జబ్బుకంటే ఎక్కువ కుంగదీసింది. హైదరాబాదులో పెద్ద డాక్టరు పరీక్షలు చేసి, రక్తంలో కామెర్ల వైరస్ ఉందన్నాడు. ఎప్పుడో ఎవరికో వాడిన సూదితో వచ్చి ఉంటుంది. ఏళ్ళ తరబడి చప్పుడు చేయకుండా లోపలే ఉండి కాలేయాన్ని రాయిలా గట్టిపరిచింది. పైగా అందులో ఒక చిన్న గడ్డ లేచింది. ఏం పని చేస్తారని డాక్టరు అడిగితే నాయన చెప్పాడు.

"బూజు పట్టిన గింజలు కూడా కొరుకుతారా?"

"కొరక్కపోతే బూజు పట్టిందని ఎట్ల తెలుస్తాది సార్?"

"కొరికి ఉమ్మేస్తారు కదా?"

దొంగతనం చేస్తావా అని తనను అడిగినట్టు నాయన ఆయనవైపు చూశాడు.

ఆ బూజులో ఒక విషం ఉంటుందనీ, ఈ వైరస్ ఉన్న కాలేయానికి అది తోడైతే ఇలాంటి గడ్డలు లేచే ప్రమాదం బాగా పెరుగుతుందనీ డాక్టరు వివరించాడు. నాయన నమ్మలేదు. బయటికి వచ్చాక, "నా కాయలు కొని ఎంతమంది నూనె ఆడించుకోని తింటాండారు? వాళ్ళకు లేని విషం నాకేనా?" అన్నాడు.

గడ్డ పెరగకముందే కొత్త కాలేయం పెట్టాలి. చనిపోయినవాళ్ళది దొరికేదాకా ఆగే వ్యవధి లేదు కాబట్టి ఇంట్లోవాళ్ళే ఎవరో ఒకరు ఇవ్వాలి. ఖర్చుల కోసం ఊరి బయటి గోడౌన్‌ను అమ్మకానికి పెట్టారు. ఇక మనిషి కావాలి. అమ్మకు చక్కెర జబ్బు. అన్న తాను పరీక్ష చేయించుకుంటానన్నాడు గానీ ఆ మాట గట్టిగా అనలేదు.

"నువ్వు పండుకుంటే మండీ ఎవరు చూస్తారురా?" అంది అమ్మ.

నాయన చెల్లెలు, మా అత్త, వక్కాకు నములుతూ, "పాప ల్యా?" అంది. "దానికేం పనుండాది? పుస్తకం చదివేదే కదా. అది పండుకోని కూడా చదువుకోవచ్చు."

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే నిర్ణయం జరిగిపోయింది. నాయన నవ్వలేదు. తల తిప్పి గడియారం వైపు చూశాడు.

అలా నేను ఆ డాక్టరమ్మ ఎదురుగా కూర్చున్నాను. ఇస్తానన్నాక కూడా ఆమె నన్ను వెంటనే పంపలేదు. నేను జంతుశాస్త్రం చదువుతున్నానని తెలిసి, కాగితం మీద కాలేయం బొమ్మ గీసింది. దాని వెనక నిలువుగా ఒక లావు గీత.

"ఇది గుండెకు వెళ్ళే పెద్ద సిర. కాలేయంలోని రక్తమంతా దీనిలోకే పోతుంది. ఈ సిర నిండుగా ఉంటే, కాలేయాన్ని కోసినప్పుడు కోసినచోటల్లా రక్తం ఊరుతుంది. అందుకని కోత పూర్తయ్యేదాకా నీకు సెలైన్ బాగా తగ్గించి ఇస్తాం. ఒంటిని కొంచెం ఎండబెడతామన్నమాట." నా వివరాలున్న కాగితం చూసి నవ్వింది. "అనంతపురం జిల్లానా? అయితే నీకు అలవాటే."

"మరీ ఎండిపోతే?" అని అడిగాను.

"మూత్రపిండాలు దెబ్బతింటాయి. అందుకే నేను నీ తల దగ్గరే ఉంటాను. రక్తపోటు ఎంతుంది, మూత్రం ఎంతొస్తోంది, చూస్తూనే ఉంటాను. కోత అయిపోగానే నీళ్ళు వదులుతాను."

మా జిల్లాకు అలా తల దగ్గర కూర్చున్నవాళ్ళు ఎవరూ లేరు.

ఆపరేషన్ రోజు ఉదయం నన్నూ నాయననూ రెండు బండ్ల మీద పడుకోబెట్టి థియేటర్ల ముందుకు తెచ్చారు. గదులు పక్కపక్కనే. తలుపులు తెరిచేదాకా మా ఇద్దరి బండ్లూ ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయి. చెయ్యి చాపితే ఆయన చెయ్యి అందేది. నాయన తల అవతలికి తిప్పి అన్నతో మాట్లాడుతున్నాడు.

"తూకం కాడ నువ్వే నిలబడు. గుమాస్తాను నమ్మొద్దు. ఏం?"

"సరే నాయనా."

ముందు నన్నే లోపలికి తీసుకుపోయారు.

ఆ తర్వాతది నేను చూడలేదు. డాక్టరమ్మ వార్డుకు వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెంగా అడిగి తెలుసుకున్నాను. మిగిలింది తర్వాత మా కాలేజీ లైబ్రరీలో శరీరధర్మశాస్త్రం పుస్తకం తెచ్చుకుని చదివాను. ఆ పుస్తకం చదువుతుంటే సొంతవాళ్ళ సంగతులు ఎవరో అపరిచితులు రాసిపెట్టినట్టు ఉండేది.

కాలేయం ఎన్ని పనులు చేస్తుందో అది లేనప్పుడు తెలుస్తుందట. పక్క గదిలో నాయన పాత కాలేయాన్ని తీసేశాక, కొత్తది కలిపేదాకా ఆయనకు కాలేయమే లేదు. చక్కెరను దాచి, కావలసినప్పుడు వదిలేది లేదు. అందుకని గ్లూకోజు ఎక్కించారు. రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలను తయారుచేసే చోటు లేదు. అవి వేరేవాళ్ళు ఇచ్చిన రక్తం సంచుల్లో నుంచి రావాలి. ఆ సంచుల్లో రక్తం గడ్డకట్టకుండా ఒక ఉప్పు కలుపుతారు. మామూలుగా దాన్ని కాలేయమే ఖర్చుచేసేస్తుంది. అది లేనప్పుడు ఆ ఉప్పు ఒంట్లోని కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. కాల్షియం పడిపోతే గుండెకు బలం చాలదు. కాబట్టి కాల్షియం ఎక్కిస్తూనే ఉండాలి. ఇంకోవైపు ఆమ్లం పేరుకుంటుంది. ఒళ్ళు చల్లబడుతుంది, ఎందుకంటే ఒంట్లో పెద్ద పొయ్యిని తీసేశారు. వేడిగాలి నింపిన దుప్పటి కప్పుతారు. మాటిమాటికీ రక్తం తీసి పరీక్షకు పంపుతూ, ఒక్కో లోటును పూడుస్తూ, ఒక్క అవయవం చేసే పనిని గదినిండా మనుషులు చేస్తారు.

"అయినా మేం చేయలేనివే ఎక్కువ," అంది డాక్టరమ్మ. "కొత్తది వచ్చేదాకా వేళ గడుపుతాం, అంతే."

ఆ వేళలోనే నా ముక్క మంచు మధ్య ఒక గిన్నెలో ఉంది. చల్లటి ద్రావణంతో దానిలోని రక్తమంతా కడిగేశారు. నా రక్తం దానిలో లేదు. నాయన రక్తం ఇంకా చేరలేదు. ఆ కాసేపు అది ఎవరిదీ కాదు. ఎవరి కూతురూ కాదు, ఎవరికీ చెల్లెలు కాదు, ఎవరి పనీ చేయడం లేదు. నా బతుకులో నాకు అసూయ కలిగించే ఘడియ అదొక్కటే. ఆ ఘడియలో నేను స్పృహలో లేను.

సిరలు కుట్టాక బిగింపులు వదిలే సమయం అన్నిటికంటే ప్రమాదమట. మంచులో ఉన్న అవయవంలో పొటాషియం, ఆమ్లం చేరి ఉంటాయి. ముందే కొంత కడిగి పారబోస్తారు. మిగిలింది ఆ చల్లదనంతో సహా ఒక్కసారిగా గుండెకు చేరుతుంది. సర్జన్ వదులుతున్నానని గట్టిగా చెప్తాడు. మత్తు డాక్టర్లు మందు నింపిన సిరంజిలు పట్టుకుని, గుండె గీతలు కదిలే తెరవైపు చూస్తూ ఉంటారు.

"నాయనకు ఏమైంది అప్పుడు?"

"రక్తపోటు పడిపోయింది. గుండె నెమ్మదించి, తడబడింది. మందులిస్తే సర్దుకుంది. చాలామందికి అవుతుంది, భయపడకు."

నా వల్ల మా నాయన గుండె తడబడిన సందర్భం నాకు తెలిసి అదొక్కటే.

తర్వాత కాలేయం బూడిదరంగు పోయి గులాబీరంగుకు తిరిగింది. ఆమ్లం తగ్గసాగింది. కత్తిరించిన సన్నటి నాళం చివర బంగారు రంగులో పైత్యరసం బొట్టు కనిపించింది. అది కనిపిస్తే థియేటర్లో అందరూ ఊపిరి వదులుతారట.

"నీది చాలా మంచి కాలేయం. పెట్టగానే పని మొదలుపెట్టింది," అంది డాక్టరమ్మ మెచ్చుకోలుగా.

మా ఇంట్లో ఆడవాళ్ళందరూ అంతేనని చెప్పాలనిపించింది.

లేచి కూర్చోగలిగాక నన్ను చక్రాల కుర్చీలో నాయన గది దగ్గరికి తీసుకుపోయారు. అద్దం ఇవతలి నుంచే చూడాలి. కడుపు మీద కుట్లు లాగుతుంటే చేత్తో పట్టుకుని ఆయనవైపు చూశాను. ముఖంలో పచ్చదనం అప్పటికే తగ్గింది. నర్సు నన్ను చూపించి ఏదో చెప్పింది. నాయన తల తిప్పి, పెదవులు కదిపాడు. ఏమన్నాడో వినపడలేదు. నర్సు బయటికి వచ్చి నవ్వుతూ చెప్పింది.

"కాయలు ఎంత పలుకుతున్నాయో అన్నను అడిగి చెప్పమంటున్నారమ్మా."

ఇంటికి వచ్చాక చూడవచ్చిన చుట్టాలందరికీ ఒక సంగతి బాగా నచ్చింది. కాలేయం మళ్ళీ పెరుగుతుందట. పండ్లు తెచ్చి నాయన పక్కన పెట్టి, నా దగ్గరికి వచ్చి ఆ మాటే అనేవారు.

"తోటకూర గిల్లినట్లంట కదే, మళ్ళీ మొలుస్తాదంట!" అంది అత్త. "నాకు ముందే తెలిసింటే నేనే ఇచ్చిందును."

"ఇప్పుడియ్యి, ఇంగెవరికన్నా పెడతారు," అంది వదిన. ఆ ఒక్క మాటకు నేను చాలా రోజులు ఆమెకు మనసులో మొక్కుకున్నాను.

నిజానికి తోటకూరలా కాదు. కోసిన భాగం తిరిగి మొలవదు. మిగిలిన ముక్కే ఉబ్బి, తన పనీ పోయినదాని పనీ కలిపి చేస్తుంది. కుడిభాగంతో పాటు నా పిత్తాశయాన్నీ తీసేశారు. అది పెరగదు. నూనె పదార్థం తిన్నరోజు కడుపు ఆ విషయం గుర్తుచేస్తూనే ఉండేది. ఇవన్నీ నేను ఎవరికీ వివరించలేదు. వివరించేంతసేపు నా వైపు ఎవరూ చూడరు.

నాయనకు జీవితాంతం వేసుకోవలసిన మాత్రలు ఇచ్చారు. పరాయి కాలేయాన్ని ఒళ్ళు తరిమెయ్యకుండా అవి ఒంటి కాపలాను నిద్రపుచ్చుతాయి. కాపలా నిద్రపోతుంది కాబట్టి దుమ్ము, బూజు దగ్గరికి పోకూడదు. మండీకి అసలే పోకూడదు. డాక్టరమ్మ ఇది నాయనకూ అన్నకూ చెప్పి, చివర నాకు విడిగా చెప్పింది. "నువ్వే చూసుకోవాలమ్మా."

కొంతకాలం నాయన ముక్కుకు గుడ్డ కట్టుకుని ఇంట్లోనే ఉన్నాడు. మాత్రలు నేనే ఇచ్చేదాన్ని. చెయ్యి చాపి తీసుకునేవాడు. అరచెయ్యి తప్ప ఆయనలో ఇంకేదీ నావైపు తిరిగేది కాదు. చెవులు మాత్రం మధ్య తలుపు అవతలే ఉండేవి.

కొత్త కాయ మండీకి రావడం మొదలైంది. అన్న ఒక లారీ సరుకు కొని మిల్లుకు పంపితే, గింజ చేదుగా ఉందని మిల్లువాళ్ళు లారీని వెనక్కి తిప్పారు.

"నీ నోట్లో ఉండేది నాలుకా, చెప్పుతోలా?" అని నాయన అరిచాడు. "కొరికినావా లేదా?"

"కొరికినా నాయనా. నాకు బాగానే ఉండె."

మరునాడు పొద్దున నాయన ముక్కుగుడ్డ లేకుండా మధ్య తలుపు దగ్గరికి వచ్చాడు. గడప మీద నేను పుస్తకంతో కూర్చున్నాను. ఆయన వస్తే లేవడం అలవాటు. ఆ రోజు లేవలేదు.

"లెయ్యి."

"డాక్టర్లు పోవద్దన్నారు నాయనా. ఆ దుమ్ములో బూజుంటాది. ఊపిరితిత్తుల్లోకి పోతే నీ ఒంటికి ఇప్పుడు దాన్ని ఆపే శక్తి లేదు."

"నాకు పాఠం చెప్పొద్దు. లెయ్యి."

"గింజ కూడా కొరకొద్దన్నారు."

నా నోట్లోంచి ఒకేసారి అన్ని మాటలు రావడం ఆయన ఎప్పుడూ వినలేదు. గొంతు తగ్గించి, మండీలో వినపడకుండా అన్నాడు.

"ఏం, నువ్విచ్చినావని నన్ను ఇంట్లో కట్టేస్తావా? నీకేం తక్కువైంది? మళ్ళీ పెరిగిందంట కదా."

వంటింట్లోంచి అమ్మ అంది, "దారియ్యమ్మా. మగోడు ఎంతకాలమని ఇంట్లో కూర్చుంటాడు?"

లేచాను. ఆయన గడప దాటాడు. అవతల సంబరం.

"శెట్టి వచ్చినాడప్పా!"

"చావు కాడికి పోయొచ్చిన నాలుక, ఎట్లుండాదో చూద్దాం పట్టు!"

"మీ సంచులకంటే బాగుండాది లేప్పా," అన్నాడు నాయన. గుప్పెడు కాయలు తీసి, వలిచి, కొరికి, కళ్ళు మూసుకున్నాడు. ఏళ్ళుగా చూసిన ముఖమే. నమిలి మింగాడు.

కాయల కాలం ముగియకముందే దగ్గు మొదలైంది. తర్వాత జ్వరం. మళ్ళీ హైదరాబాదు. బూజు ఊపిరితిత్తుల్లో పెరుగుతోందని చెప్పారు. డాక్టరమ్మ నన్ను ఏమీ అనలేదు. వరండాలో నా పక్కన కాసేపు నిలబడి, "నీ కాలేయం మాత్రం చక్కగా పనిచేస్తోంది," అంది. ప్రతిరోజూ రక్తపరీక్ష వచ్చాక అదే మాట. ఊపిరి తగ్గుతోంది, మూత్రం తగ్గుతోంది, కాలేయం మాత్రం బాగుంది. చుట్టూ అన్నీ ఆగిపోతున్నా అది వంచిన తల ఎత్తకుండా పనిచేస్తూనే ఉంది. ఇక చాలని దానికి ఎవరైనా చెప్తే బాగుండుననిపించింది.

ఒక మధ్యాహ్నం అన్న కదిరి నుంచి వచ్చాడు. పెద్ద సరుకు ఒకటి బేరానికి ఉంది. కొనాలో వద్దో తేల్చుకోలేక, రుమాలు కొసకు కొన్ని గింజలు ముడివేసి తెచ్చాడు. నర్సు బయటికి పోయేదాకా ఆగి ముడి విప్పాడు. మరునాడు నాయనకు గొంతులో గొట్టం వేశారు. ఆ తర్వాత ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. మూడోనాడు పోయాడు. కాబట్టి ఆ మధ్యాహ్నం మాటలే ఆఖరివి.

నాయన ఆక్సిజన్ మాస్కును పక్కకు లాగి, రుమాలులోంచి ఒక గింజ తీసుకున్నాడు. పెదవుల దాకా తెచ్చి ఆగాడు. మందులతో నాలుక తెల్లగా పాచిపట్టి ఉంది. ఏ రుచీ తెలియడం లేదని ముందురోజే నర్సుతో అన్నాడు. గింజను అన్న వైపు చాపబోయి, వెనక్కి తీసుకున్నాడు. అన్న తలవంచుకున్నాడు. నాయన నా వైపు చూశాడు. ఆ గదిలో కూడా గోడకు గడియారం ఉంది. నాకు ఎడమపక్కన. ఆయన చూపు దానివైపు పోలేదు.

"కొరికి చెప్పు పాపా."

గింజ తీసుకున్నాను. ఆయన వేళ్ళు వేడిగా ఉన్నాయి. ముందుపళ్ళతో కొరికి, నాకు తెలియకుండానే కళ్ళు మూసుకుని నమిలాను. మొదట తీపి, తర్వాత నూనె. ఆ వెనక, గొంతు దగ్గర, సన్నగా మొదలై నోరంతా పాకింది.

"చేదు నాయనా," అన్నాను.

తానే నమిలినట్టు ఆయన దవడ కదిలింది. అన్నతో, "కొనొద్దు," అన్నాడు.

నేను నోట్లో ఉన్నదాన్ని ఏం చేయాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాను. గడప మీద కూర్చుని ఇన్నేళ్ళు చూసి నేర్చుకున్నది ఒకటే. మింగబోతూ గొంతు కదిలింది. నాయన అది చూశాడు. చెయ్యి ఎత్తి, అరచెయ్యి గుంటగా చేసి, నా నోటి కింద పట్టాడు.

"ఉమ్మెయ్ పాపా. మింగొద్దు."